రాజా దీన్‌దయాళ్: మన నేలను గాజుపలకపై నిలిపిన చిత్రకారుడు

ఉగాది సంచికలో తెలుగు ప్రముఖుల జీవితకథలు వేయడం మనకు ఆనవాయితీ. ఈ యేడు మేము తెలుగువాడు కాని ఒక పెద్దమనిషి కథ చెప్పదలచినాము. ఇందుకు కారణం లేకపోలేదు. ఓరుగల్లు కోటలోని శిథిలాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి, గోలకొండ బురుజులు — మన తాతముత్తాతలు వీటిని ఏ రూపంలో విడిచి బొంబాయి బాట పట్టినారో, ఇంచుమించు ఆ రూపంలోనే పట్టి ఉంచిన చేయి ఆయనది. పైగా ఆయన దుకాణపు బోర్డు ఈ బొంబాయి నగరంలో కూడా వేలాడింది.

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందూరు సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరినారు. హెడ్ ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్ — ఇదీ ఆయన హోదా. అనగా ఏ గోడకు ఎంత రాయి, ఎంత సున్నం, ఎందరు కూలీలు అని లెక్కకట్టే పని. మన మేస్త్రీలకు ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. తరువాత ఆయన తీసిన కోటలూ గుళ్ళూ చూచినప్పుడు, ఈయన కట్టడం లోపలి బరువు తెలిసినవాడు సుమా అని మాకు తోచుతుంది. గోడలు నిటారుగా నిలుస్తవి. ఎండ ఏ గంటకు ఏ స్తంభంమీద పడునో చూచుకొని మరీ తీసినట్లుంటుంది.

ఆయన కెమెరా చేతబట్టినది 1874 ప్రాంతంలో. అప్పటి ఫోటో అంటే నేటివలె జేబులోనుంచి తీసి నొక్కేది కాదు. గాజుపలకకు మందు పూసి, అది తడి ఆరకమునుపే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గుడారంలో కడుగవలెను. ఊరూరికీ గాజు, సీసాలు, నీళ్ళు, గుడారం అన్నీ మోయించుకొని పోవలసిందే. తరువాత పొడి పలకలు వచ్చి పని కొంత తేలికైనది గాని, గాజు గాజే. బండి కుదిపితే పగిలేది. ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కరు, ఆంగ్ల రాజప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించినారు. 1882–83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ మొదలైన చోట్ల తిరిగి తీసిన చిత్రాలు, మధ్య భారత ప్రసిద్ధ కట్టడాలపై 1886లో గ్రిఫిన్ ప్రకటించిన గ్రంథంలో చేరినవి. ఫోటోల పని ముగించుకొనుటకు ఆయన ఉద్యోగానికి సెలవు పెట్టినారు. పిదప ఆ ఉద్యోగాన్నే విడిచినారు. స్థిరమైన సర్కారు జీతం వదలి గాజుపలకలను నమ్ముకొనుట ఆ రోజులలో ఎంత గుండెధైర్యమో ఇల్లు వదలి వచ్చిన మనకు తెలుసు.

1880ల నడుమ ఆయన మకాం హైదరాబాదు రాజ్యానికి మారింది. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసి, రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అను బిరుదునిచ్చినారు. నిజాము స్వయంగా ఉర్దూ కవి. ఆయన దీన్‌దయాళ్ నేర్పును మెచ్చి ద్విపద కూడా చెప్పినారు. 1892లో పరదాలో ఉండే స్త్రీలకోసం, ఒక ఆంగ్లవనిత పర్యవేక్షణలో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో తెరచినారు. ఆ యేటి తేదీతోనే నిజాము రాజ్యపు దృశ్యాల ఆల్బం ఒకటున్నది. తరువాత వైస్రాయి కర్జను సేకరణలో చేరి, నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. మన ఓరుగల్లును చూడాలంటే లండను పోవలెనా అని నిట్టూర్చనక్కరలేదు. ప్రతులు సులభంగానే దొరుకుతున్నవి.

ఇక 1896. అప్పటికి పేరు దేశమంతటా మారుమ్రోగుతుండగా దీన్‌దయాళ్ బొంబాయిలో పెద్ద స్టూడియో తెరచినారు. అదే యేడు ఇక్కడ ప్లేగు పుట్టింది. జనం మూటాముల్లె కట్టి రైళ్ళెక్కుతున్న వేళ ఆయన అద్దాలు, తెరలు దింపుకొన్నారన్నమాట. దొరలు, షేట్లు, సంస్థానాధీశులు ఆ తెరల ముందు కూర్చున్నారు.

ఆ నాటికి కామాటిపురా వయస్సు నూరేండ్లు. 1784లో హార్న్‌బీ కట్ట పూర్తయి సముద్రపు నీరు ఆగిన తరువాత, పూడిన పల్లపు నేలమీద వచ్చి దిగిన కూలీల పేటే ఇది. కామాటి అంటేనే కూలివాడు. మొదటివారి వెనుక పాలమూరు, నల్లగొండ, కరీంనగరం తట్టునుండి ఎందరో వచ్చినారు. 1876లో మొదలైన ధాత కరువు ఎందరినో ఊళ్ళు విడిపించింది. రాయి మోసినవారు, సున్నం కలిపినవారు, మగ్గం నేసినవారు చాళ్ళలో ఒక్కొక్క ఖోలీలో పదేసిమందిగా సర్దుకొన్నారు. వారికి దీన్‌దయాళ్ స్టూడియో మెట్లు ఎక్కే తాహతు ఎక్కడిది?

అయినా మనవంటివారు ఆయన పటాలలో లేకపోలేదు. 1899–1900 కరువులో ఔరంగాబాదు ప్రాంతపు కరువు పనులను, బక్కచిక్కిన జనాన్ని ఆయన సంస్థ చిత్రించింది. ఔరంగాబాదు అప్పుడు నిజాము రాజ్యంలోనిదే. దర్బారు పటాలలో నవాబుల కుర్చీల వరుస ఎంత తీరుగా ఉంటుందో, ఈ పటాలలో ఎముకలు తేలిన మనుషుల వరుస కూడా అంత తీరుగా ఉంటుంది. అది మమ్ములను కలవరపెడుతుంది. పని చేయించిన సర్కారు ప్రతిష్ఠకోసం తీసిన పటాలు కాబోలు అవి. కాని కరువు ఇట్లుండెనని చెప్పుటకు నేడు మనకున్న సాక్ష్యాలలో అవీ చేరినవి. ఆయనను రాజుల ఫోటోగ్రాఫరు అని మాత్రమే పిలిచేవారు వీటిని చూడలేదనుకొంటాము.

కొండలు, గుళ్ళు తీసిన పటాలలోనూ ఒక మూల మనిషి నిలబడి ఉంటాడు. స్తంభం ఎంత ఎత్తో తెలియుటకు మనిషిని పక్కన నిలుపుట ఆనాటి వాడుక. స్తంభానికి పేరున్నది, కట్టించిన రాజుకు పేరున్నది. ఆ మనిషికి మటుకు లేదు.

ఆ పటాలలో లేనిది మరొకటి, పాట. గుట్టలు, రాళ్ళు, నీళ్ళు ఉన్నవి గాని చప్పుడు లేదు. ఆ చప్పుడును బొంబాయికి మోసుకొచ్చినవారు మన ఆడవారు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే పాటలలో ఊరి చెరువూ, పుట్టింటి బాటా, తంగేడు పూసిన గట్టూ అన్నీ వస్తవి. రాగం కట్టిన తల్లి పేరు ఎవరికీ తెలియదు. గాజుమీద ఆయన నిలిపిన నేలే అది. రెండింటినీ ఒకచోట పెట్టి చూచుకొనే భాగ్యం ఆ తరం వారికి కలుగలేదు, మనకు కలిగింది.

దీన్‌దయాళ్ 1905 జూలై 5న కన్నుమూసినారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఆ వృత్తిలోనివారే. కాలక్రమాన స్టూడియోలు మూతపడినవి. మిగిలిన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. ఆ పలకలను వెలుతురుకు పట్టి చూస్తే తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపిస్తవి. నవాబు ముఖమూ నల్లనే, పక్కన గొడుగు పట్టినవాని ముఖమైతే తెల్లగా మెరుస్తుంది.