లూయీ బ్రెయిలీ రెండో కన్ను ఎందుకు పోయింది?

లిఫ్టులో అంకెల పక్కన ఉబ్బెత్తు చుక్కలను మీరు గమనించే ఉంటారు. చూపు లేనివారు వేళ్లతో తడిమి చదువుకునే లిపి అది. దాన్ని రూపొందించిన లూయీ బ్రెయిలీ పుట్టుకతో అంధుడు కాదు. దెబ్బ తగిలింది కూడా ఒక్క కంటికే. మరి రెండోది ఎలా పోయింది? మీ ఇంట్లో ఎవరైనా క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ తీసుకుంటుంటే ఈ సంగతి తెలుసుకోవాలి.

లూయీ 1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున ఉన్న కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు, పగ్గాలు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు తండ్రి పనిముట్లతో ఆడుకుంటుంటే, తోలుకు రంధ్రాలు చేసే ఆరె జారి కంట్లో గుచ్చుకుంది. ఆ కన్ను దక్కలేదు. తర్వాత రెండో కన్నూ వాచింది. ఐదేళ్లు వచ్చేసరికి లోకమంతా చీకటైపోయింది.

ఒక కంటి ఇన్‌ఫెక్షన్ మరో కంటికి పాకిందని అప్పట్లో అనుకున్నారు. అది సింపథెటిక్ ఆఫ్తాల్మియా అయి ఉంటుందని ఇప్పటి వైద్యుల అంచనా. మామూలుగా కంటి లోపలి పొరల జోలికి మన రోగనిరోధక వ్యవస్థ వెళ్లదు. లోతైన గాయమైతే అక్కడి ప్రొటీన్లు బయటపడతాయి. వాటిని శత్రువులుగా పొరబడిన రక్షక కణాలు బాగున్న కంటిపైనా దాడి చేస్తాయి.

లూయీ చదువు ఆగలేదు. 1819లో పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరాడు. చీకట్లో చదవడానికి షార్ల్ బార్బియే రూపొందించిన 12 చుక్కల పద్ధతిని ఆరు చుక్కలకు కుదించాడు. అప్పటికి అతడి వయసు 15 ఏళ్లే! 1829లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. తర్వాత అదే పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు, చర్చిల్లో ఆర్గాన్ వాయించారు. 1852లో క్షయతో కన్నుమూశారు. మరో రెండేళ్లకు గానీ ఆయన లిపికి అధికారిక గుర్తింపు రాలేదు. ఆయన కాలంలో స్టిరాయిడ్లు లేవు. అవి వాడుకలోకి వచ్చింది 1940ల చివర్లో.

ఇక ఇప్పటి విషయానికొద్దాం. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ వంటి మందులు రక్షక కణాలకు ఉండే ‘బ్రేకు’ తీసేస్తాయి. అప్పుడు అవి క్యాన్సర్‌పై విరుచుకుపడతాయి. కానీ కొందరిలో సొంత అవయవాల మీదికీ వెళ్తాయి. కంటి లోపల వాపు వస్తే దాన్ని యువైటిస్ అంటారు. ఇది అరుదే. చాలావరకు చికిత్స మొదలైన కొన్ని వారాలు, నెలల్లో కనిపిస్తుంది.

కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలడం... వీటిలో ఏది కనిపించినా కళ్లకలకేమోనని ఊరుకోకండి. మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకోవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే కంటి డాక్టరును కలవండి, చూపు తగ్గితే అదే రోజు వెళ్లండి. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న సంగతి ముందే చెప్పండి. మీ క్యాన్సర్ డాక్టరుకూ ఫోన్ చేయండి.

చాలామందికి స్టిరాయిడ్ చుక్కలతోనే తగ్గిపోతుంది. వాపు తీవ్రంగా ఉంటే మాత్రలు, ఇంజెక్షన్లు అవసరమవుతాయి. ఇమ్యునోథెరపీని కొన్నాళ్లు ఆపాలా, కొనసాగించాలా అన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేల్చాలి. భయంతో మీ అంతట మీరు ఆపేయొద్దు. క్యాన్సర్‌కు చికిత్స అందాలి, కంటిచూపూ నిలవాలి. వేళకు వెళ్తే చాలామందిలో రెండూ సాధ్యమే.