కలమును శరణుజొచ్చిన కవి

సూరత్ నగరమున 1833లో జన్మించిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే గుజరాతీ సాహిత్యమున నవయుగమునకు ఆద్యుడు. బొంబాయిలో ఉపాధ్యాయుడుగా నున్న ఆయన మనసు కవిత్వముపై నిలిచెను. జీతము విడిచినచో ఇల్లు గడచుట ఎట్లు? చేపట్టిన కార్యమునకు తన శక్తి చాలునా? ఎంతటివానినైనను వెనుకకు లాగు శంకలివి. అయినను 1858 నవంబరు 23న ఆయన కొలువు మానెను. ఇంటికి వచ్చి, కన్నీటితో తన కలమునే శరణు వేడెను.

అప్పులు బాధించినను వ్రాత మానలేదు. ఒంటరిగా శ్రమించి కూర్చిన నిఘంటువు ‘నర్మకోశము’ 1873లో వెలువడెను. దారిద్ర్యమువలన 1882లో మరల కొలువున చేరక తప్పలేదు. 1886లో దేహము చాలించెను.

వ్రతము కడదాక సాగకున్నను, ఆ ఇరువదినాలుగేండ్ల పంట నిలిచినది. భయము తీరిన పిదప పూనుకొందమనువానికి ఆ దినము రాదు. పూనుకొన్నవానికే భయము తగ్గును.