కమ్మరి ఇంట పుట్టిన కరెంటు: మైకేల్ ఫారడే జీవితం

ఫారడే నియమాన్ని రెండు మార్కుల కోసం బట్టీపట్టని వాళ్లు మన హాస్టల్లో బహుశా ఎవరూ ఉండరు. ఆ నియమం వెనుక ఉన్న మనిషికి లెక్కలు సరిగా రావనీ, పై చదువు లేదనీ మనలో చాలామందికి డిగ్రీకి వచ్చేదాకా తెలియదు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలోని న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆరోగ్యం బాగుండక కొలిమి దగ్గర రోజూ నిలబడలేకపోయేవాడు. 1801లో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు మైకేల్‌కు వారానికి ఒక్క రొట్టె వాటాగా వచ్చేదట. చదవడం, రాయడం, కాసిన్ని కూడికలు, తీసివేతలు. అంతటితో బడి చదువు ఆగిపోయింది.

1805లో, పద్నాలుగేళ్ల వయసులో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగ్ పని నేర్చుకోవడానికి చేరారు. ఏడేళ్లు ఆ పనే. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను చదువుకుంటూ పోయారు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి రాసిన రసాయనశాస్త్రం ఆయన్ను పట్టుకున్నాయి. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. వాటి నోట్సు రాసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం దొరికింది.

ఆ ఏడాదే డేవీ దంపతులతో యూరప్ యాత్రకు వెళ్లారు. వెళ్లింది శాస్త్ర సహాయకుడిగానే అయినా, డేవీ భార్య ఆయన్ను పనివాడిగానే చూసింది. బండి పైన కూర్చోబెట్టింది, నౌకర్లతో కలిసి భోజనం పెట్టించింది. తిండి దగ్గర పంక్తి వేరు చేయడం అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఫారడే ఒక దశలో యాత్ర మధ్యలోనే తిరిగి వచ్చేద్దామనుకున్నారు. కానీ ఆగారు. 1824లో ఆయన్ను రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకునే సమయంలో డేవీయే అడ్డు చెప్పారు. అయినా ఎన్నికయ్యారు.

ఇక 1831. ఆగస్టు 29న ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రాగి తీగ చుట్టి, ఒక చుట్టలో కరెంటు పెట్టి తీసేసినప్పుడల్లా రెండో చుట్టలో సూది కదలడం చూశారు. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి, బయటికి లాగి చూశారు. అయస్కాంతం నిలకడగా ఉంటే ఏమీ లేదు, కదిలితే కరెంటు. అదే నెల 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్లాన్ని తిప్పి ఆగకుండా కరెంటు తీశారు. ప్రపంచంలో తొలి జనరేటర్ అదే. బలరేఖలను ఆయన సమీకరణాలతో కాక బొమ్మలతోనే ఊహించారు. వాటిని గణితంలోకి మార్చే పని తర్వాత మాక్స్‌వెల్ చేశారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. జనరేటర్‌కు కావలసింది తిప్పడం మాత్రమే. తిప్పేది ఏమిటన్నది దానికి పట్టదు. రామగుండంలో బొగ్గు మండించి పుట్టించిన ఆవిరి తిప్పుతుంది. నాగార్జునసాగర్‌లో కృష్ణ నీరు తిప్పుతుంది. రెండుచోట్లా పుట్టే కరెంటు ఒక్కటే. తేడా అంతా పొగగొట్టంలో ఉంది. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నీటితో తీస్తే బొగ్గు కాల్చే పనే లేదు. (దానికీ ధర ఉంది, అది ముంపు గ్రామాల వాళ్లను అడగాలి.) సౌర ఫలకం సంగతి వేరు, అందులో తిరిగేదేమీ లేదు.

బొగ్గు మండితే ఏమవుతుందో ఫారడేకు బాగా తెలుసు. 1860 చివర్లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద మొదలుపెట్టిన ఉపన్యాసాల్లో, మంట నుంచి వచ్చే వాయువూ మన ఊపిరి నుంచి వచ్చే వాయువూ ఒకటేనని సున్నపుతేటతో చూపించారు. ఆ వాయువును మొక్కలు తీసుకుంటాయని, ఆ విధంగా లెక్క సరిపోతుందని చెప్పారు. ఆ రోజుల లెక్క అది. మురికి విషయంలో ఆయన కళ్లు మూసుకున్న మనిషి కాదు. 1855లో థేమ్స్ నదిలో తెల్ల కాగితం ముక్కలు వేసి, నీటిలోకి కాస్త దిగగానే అవి కనిపించకుండా పోతున్నాయని పత్రికకు రాశారు.

మనకు ఆశ్చర్యం కలిగించేది మరొకటి. ఆయన పనిచేసిన ఆ భవనంలోనే, ఆయన ప్రోత్సాహంతో చేరిన జాన్ టిండాల్ 1859లో కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని కొలిచి నిరూపించారు. అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ 1856లోనే ఎండలో ఆ వాయువు ఎక్కువ వేడెక్కుతుందని చూపారు గానీ ఆమెను పట్టించుకున్నవాళ్లు తక్కువ. కరెంటు పుట్టే దారి, ఆ కరెంటు తెచ్చే ముప్పు, రెండూ ఒకే కప్పు కింద పరీక్షకు వచ్చాయన్నమాట. వాటిని కలిపి చూసే అవసరం అప్పటికి ఎవరికీ రాలేదు.

1858 డిసెంబరులో సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభంలో జనరేటర్ దీపం వెలిగించి చూశారు. దాన్ని పరీక్షించే బాధ్యత ఫారడేదే. ఆ జనరేటర్‌ను తిప్పింది ఆవిరి యంత్రం. 1860 ఫిబ్రవరిలో దారులు మంచుతో మూసుకుపోయినా, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో పొలాలకు అడ్డంపడి నడిచి వెళ్లి దాన్ని చూసి వచ్చారు.

సర్ బిరుదు వద్దన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నారు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూశారు. హైగేట్ శ్మశానంలో సాదా సమాధి.

ఆయన పోయిన పదిహేనేళ్లకు, 1882లో, ఎడిసన్ సంస్థ లండన్‌లోని హోల్బర్న్ వయాడక్ట్ దగ్గర బొగ్గుతో విద్యుత్ కేంద్రం నడిపింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని ఆపిల్టన్‌లో ఫాక్స్ నది నీటితో కేంద్రం మొదలైంది. రెండు దారులూ అప్పుడే ఉన్నాయి. ప్రపంచం ఎక్కువగా మొదటి దారిలో నడిచింది. 2023లో కూడా మన దేశపు కరెంటులో నాలుగింట దాదాపు మూడు వంతులు బొగ్గుదే. ఫారడే దేశంలో మాత్రం చివరి బొగ్గు కేంద్రం రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ 2024 సెప్టెంబరు 30న మూతపడింది. అక్కడ గ్యాస్ కేంద్రాలు ఇంకా నడుస్తున్నాయి గనుక పొగ పూర్తిగా ఆగలేదు. కానీ ఉత్తర సముద్రంలో గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి లోపల ఉన్నది 1831 అక్టోబరులో ఆ బైండింగ్ కుర్రాడు కనిపెట్టిన సంగతే: తీగ దగ్గర కదిలే అయస్కాంతం.