తుమికి చెట్టుకు పేరుపెట్టిన డాక్టర్ రాక్స్‌బర్గ్

మన మొవ్వ చుట్టూ మాగాణి పొలాలే గాని అడవులు లేవు. అయినా బీడీ ఆకు ఎరుగనివారుండరు. ఆ ఆకునిచ్చే తుమికి నల్లచేవ చెట్ల కుటుంబానికి చెందినది. దానిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్.

1751లో స్కాట్లండులో జన్మించిన ఆయన 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యోద్యోగిగా మద్రాసు చేరి, 1781లో సామర్లకోటకు వచ్చారు. ఉద్యోగం వైద్యమైనా ప్రాణమంతా మొక్కలమీదే. కొమ్మలను ఎండబెట్టి, వాటి వివరాలు రాసి దాచే హెర్బేరియం పనిలో మునిగారు. తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నారు.

1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన మనకు ఆ నష్టం వేరే చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించారు. 1795లో లండనులో వెలువడనారంభించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తుమికికి డయోస్పైరోస్ మెలనోజైలాన్ అని పేరుపెట్టారు. మెలనోజైలాన్ అంటే గ్రీకులో నల్లకర్ర.

1793 నుంచి కలకత్తా వృక్షోద్యానం నడిపి, 1813లో స్వదేశం బయలుదేరి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన ఫ్లోరా ఇండికా పూర్తిగా అచ్చయింది 1832లోనే. ఆయన సేకరించిన ఎండు కొమ్మలు నేటికీ లండను, ఎడింబరో హెర్బేరియంలలో భద్రంగా ఉన్నాయి. పోయినదానికి కుంగక తిరిగి పనిచేసిన ఆ ఉద్యోగి జీవితం మన పిల్లలకు చెప్పదగినది.