ఇంద్రధనుస్సు హాదీగారు

సయ్యదు మహమ్మదు హాదీగారు 1899వ సంవత్సరమున హైదరాబాదునందు జన్మించిరి. కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించి, 1924లో పారిసు ఒలింపికు క్రీడలలో మన దేశము పక్షమున టెన్నిసు ఆడిరి. 1934-35 రంజీ పోటీలలో మదరాసుపై 132 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలో మొట్టమొదటి శతకము సాధించిరి. హాకీ, ఫుట్‌బాలు, పోలో, టేబిల్ టెన్నిసు, చదరంగములందును ప్రవీణులగుటచే జనులు వారిని ఏడురంగుల ఇంద్రధనుస్సుతో పోల్చిరి. 1971లో దివంగతులైరి.

విద్యానగరమున సాయంకాలము టెన్నిసాడు మేము, ఒక్క బంతి వలకు తగిలినంతనే కలతచెంది, తరువాతి నాలుగింటిని పోగొట్టుకొనుచున్నాము. చదరంగమున పోయిన బంటుకై వగచువాడు రాజునుగూడ కోల్పోవును. ఆ రెండాటలను నేర్చిన హాదీగారి జీవితమునుండి మేము గ్రహించినది యొక్కటే: చేతికంటె ముందు చిత్తము కుదురుకొనవలెను.