రోగిని మరువని వైద్యుడు

ముసలి తల్లి అన్నం తిన్న సంగతి మరిచి మళ్ళీ పెట్టమంటే మనం చాదస్తమని కసురుకుంటాం, లేదా గాలి సోకిందని తాయత్తు కట్టిస్తాం. అది మెదడుకు వచ్చిన జబ్బని చూపిన డాక్టరు అలోయిస్ అల్జీమర్ గారి సంగతి ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 1864 జూన్ 14న జర్మనీలోని మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. వైద్యం చదివి 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. రోగులతో మాట్లాడటం, ఆపైన గంటల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చోవటం ఆయన పని. తొలకరి పడగానే మన వజ్రకరూరు చేలల్లో వంగి వజ్రాలు వెతికేవారిని చూశారు గదా, ఆయన ఓపిక అలాంటిది.

1901లో ముగ్గురు బిడ్డలను విడిచి ఆయన భార్య మరణించింది. ఆ నవంబరులోనే 51 ఏళ్ళ ఆగుస్టె డేటర్ అనే ఆమె ఆసుపత్రికి వచ్చింది. భర్త రైల్వే గుమాస్తా. చూపిన వస్తువును ఆమె కాసేపటికే మరిచిపోయేది. అల్జీమర్ రోజూ ఆమె పక్కన కూర్చుని అడిగినదీ, ఆమె చెప్పినదీ రాసుకున్నారు. తర్వాత మ్యూనిక్‌కు మారినా ఆమెను గురించి విచారిస్తూనే ఉన్నారు. 1906 ఏప్రిల్ 8న ఆమె చనిపోయాక మెదడును తెప్పించుకుని పరీక్షించారు. నాడీకణాల లోపల చిక్కుపడ్డ పోగులు, కణాల మధ్య పేరుకున్న ముద్దలు కనిపించాయి. నవంబరు 3న ట్యూబింగెన్‌లో వైద్యుల సభకు ఈ సంగతి వివరిస్తే ఒక్కరూ ప్రశ్న వేయలేదు! 1910లో క్రెపెలిన్ ఈ జబ్బుకు ఆయన పేరు పెట్టారు.

ఆ పోగులు దేనివో ఆయన కాలంలో తెలియదు. టౌ అనే మాంసకృత్తు 1975లో బయటపడింది. ఆ పోగులు దానివేనని 1980లలో తేలింది. గుంతకల్లు జంక్షన్ ఎరిగిన మనకు దాని పని సులువుగానే అర్థమవుతుంది. నాడీకణం నుంచి సాగే తీగ కొన్నిచోట్ల మీటరు దాకా పొడవుంటుంది. అందులోని సన్నని గొట్టాలే పట్టాలు. చివరి దాకా సరుకు వాటి మీదే పోతుంది. లాగే ఇంజన్లకు ఇంధనం ఏటీపీ. (1929లో దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు.) టౌ ఆ పట్టాలను పట్టి ఉంచే స్లీపర్ల వంటిది. జబ్బులో దానికి ఫాస్ఫేటు అతిగా అంటుకుంటుంది, పట్టు వదులుతుంది, ఉండలు చుట్టుకుంటుంది. సరుకు నడిదారిలో నిలుస్తుంది. కొసన ఉన్న స్టేషన్లు పస్తుంటాయి, పక్క కణంతో మాట మానేస్తాయి. చివరికి కణమే చనిపోతుంది. పోలిక అంతవరకే. ఊడిన స్లీపరు ఉండచుట్టుకుని దారికి అడ్డం పడదు, టౌ పడుతుంది.

దీన్ని పూర్తిగా నయంచేసే మందు ఇప్పటికీ లేదు. పిల్లలు బెంగుళూరుకు వలసపోయిన ఇళ్ళల్లో అవ్వను చూసుకునేది తాతే. ఆమె చెప్పినమాట వినకపోవటం మొండితనం కాదని ఆయనకు ఎవరైనా చెప్పాలి.

అల్జీమర్ 1912లో బ్రెస్లావు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. 1915 డిసెంబరు 19న, 51 ఏళ్ళకే మరణించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య ప్రక్కనే సమాధి చేశారు. 1995లో అక్కడి ఆసుపత్రి పాత కాగితాల్లో ఆగుస్టె ఫైలు దొరికింది. తన పేరు రాయబోయి పూర్తిచేయలేకపోయిన ఆమె చేతిరాత అందులో ఉంది.