ఎఫ్‌ఎం రేడియో వెనకున్న ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరో తెలుసా? ఇంటి అటక మీద మొదలై.. కోర్టుల్లో నలిగిపోయిన జీవితం

ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే ఎవరికైనా చందమామ మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగే గుర్తొస్తారు. కానీ కారులో ఎఫ్‌ఎం పెట్టుకున్న ప్రతిసారీ మనం వింటున్నది ఇంకో ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన పని. ఆయన పేరు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. రేడియోని మార్చేసిన ఆయన ఆవిష్కరణల్లో మొదటిది ఏ కంపెనీ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. అమ్మానాన్నల ఇంట్లో, పైకప్పు కింద అటక గదిలో, 21 ఏళ్ల కుర్రాడి బల్ల మీద పుట్టింది.

వివరాల్లోకి వెళ్తే.. 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో ఆయన పుట్టారు. తండ్రి జాన్, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి ఎమిలీ పెళ్లికి ముందు టీచర్. చిన్నతనంలోనే పిల్లాడికి పెద్ద జబ్బు చేసింది. తగ్గాక కూడా మెడ, భుజం అప్పుడప్పుడూ వాటంతట అవే అదిరేవి. టెన్షన్ పడితే ఇంకా ఎక్కువయ్యేది. అది జీవితాంతం పోలేదు. రెండేళ్లు స్కూల్ మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పారు. నలుగురిలో కలవడం తక్కువ, ఒక్కడే కూర్చుని విరిగిన బొమ్మలు బాగుచేసుకోవడం ఎక్కువ. ఆ తర్వాత కుటుంబం హడ్సన్ నది పక్కనే ఉన్న యాంకర్స్‌కి మారింది. (మా న్యూస్ యాంకర్లు కాదండోయ్, ఆ ఊరి పేరే అది!)

ఓసారి లండన్ నుంచి వస్తూ తండ్రి ఆవిష్కర్తల గురించిన పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చారు. అందులో మార్కోని గురించి చదివాక కుర్రాడు డిసైడైపోయాడు.. తను కూడా ఏదో ఒకటి కనిపెట్టాల్సిందే అని.

అప్పట్లో వైర్‌లెస్ అంటే పాటలు, మాటలు కాదు. మోర్స్ కోడ్ టిక్కుటిక్కులే. ఇప్పుడంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే రెసిస్టర్ నుంచి సర్క్యూట్ బోర్డు దాకా ఏదైనా చేతిలో పెడతారు. ఆ రోజుల్లో ఈ పిచ్చి ఉన్న కుర్రాళ్లు గుండ్రటి డబ్బాలకి రాగి తీగ చుట్టి కాయిల్స్ సొంతంగా చేసుకునేవాళ్లు. మన ఎడ్విన్ అటక గది కూడా అలాంటి తీగలు, డబ్బాలతోనే నిండిపోయింది. 1910లో అయితే ఇంటి పెరట్లో 125 అడుగుల ఏరియల్ స్తంభం ఒక్కడే నిలబెట్టేశాడు. తాడుకి చిన్న పీట కట్టుకుని, తనని తానే పైకి లాక్కుంటూ! ఎత్తులంటే భయం లేకపోవడం ఆయన కథలో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టినా వినిపించింది

1909లో కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. నాన్న కొనిచ్చిన ఎర్ర మోటార్‌సైకిల్ మీద రోజూ యాంకర్స్ నుంచి కాలేజీకి వెళ్లి రావడం, సాయంత్రం అటక ఎక్కడం. ఇదే లైఫ్.

ఆ టైమ్‌లో రేడియోకి ఉన్న అసలు సమస్య ఏంటంటే, సిగ్నల్ చాలా బలహీనం. హెడ్‌ఫోన్స్ చెవికి నొక్కి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వినాలి. లీ డి ఫారెస్ట్ అనే ఆయన 1906లో ఆడియాన్ అనే వాల్వ్ కనిపెట్టారు. చూడ్డానికి చిన్న బల్బులా ఉంటుంది. లోపల వేడెక్కే ఫిలమెంట్, ఓ ప్లేట్, రెండిటి మధ్యా గ్రిడ్ అనే జల్లెడ లాంటి తీగ. అది ఎలా పనిచేస్తుందో దాన్ని కనిపెట్టిన వాళ్లకే సరిగ్గా అర్థం కాలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మే రకం కాదు. మీటర్లు పెట్టి కొలిచాడు. ప్లేట్ నుంచి బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత భాగాన్ని మళ్లీ గ్రిడ్‌కే పంపిస్తే? అది పెరిగి బయటికొస్తుంది, మళ్లీ లోపలికెళ్తుంది, మళ్లీ పెరుగుతుంది. సెకనుకి వేలసార్లు.

1912 సెప్టెంబర్ 22. అటక గదిలో సర్క్యూట్ అలా కలిపి చూశాడు. అంతే.. చెవికి పెట్టుకుంటేనే లీలగా వినిపించే సిగ్నల్స్, హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టినా గట్టిగా వినిపించాయి. అర్ధరాత్రి చెల్లెలి గదిలోకి పరుగెత్తుకెళ్లి ఆమెని నిద్రలేపేశాడట! దీన్నే రీజనరేటివ్ సర్క్యూట్ అంటారు. ఇంకో విశేషం కూడా ఉంది. ఆ చుట్టు తిరగడాన్ని మరీ ఎక్కువ చేస్తే వాల్వ్ తనంతట తానే రేడియో తరంగాలు పుట్టించడం మొదలెడుతుంది. అంటే ఒకే సర్క్యూట్ రిసీవర్‌గానూ, ట్రాన్స్‌మిటర్‌గానూ పనికొస్తుందన్నమాట.

పేటెంట్ తీసుకోవాలంటే డబ్బులు కావాలి. ముందు డిగ్రీ పూర్తిచెయ్ అన్నారు తండ్రి. మేనమామ ఒక ఉపాయం చెప్పారు.. కనీసం సర్క్యూట్ బొమ్మ గీసి నోటరీ సంతకం చేయించుకో అని. 1913 జనవరి 31న అది జరిగింది. ఈ తేదీ కూడా గుర్తుంచుకోండి.

1914 జనవరి చివర్లో న్యూజెర్సీలోని బెల్మార్‌లో, మార్కోని కంపెనీ షెడ్డులో ఈ రిసీవర్‌ని రాత్రంతా పరీక్షించారు. ఐర్లాండ్, హోనలూలు స్టేషన్లు కూడా వినిపించాయి. చలిలో వణుకుతూ పక్కన కూర్చుని విన్న కంపెనీ కుర్రాడి పేరు డేవిడ్ సార్నాఫ్. ఇద్దరూ దోస్తులైపోయారు. ఆ సార్నాఫే తర్వాత ఆర్‌సీఏ అనే రేడియో దిగ్గజానికి బాస్ అయ్యారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున పారిస్ వెళ్లినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన రెండో పెద్ద పని సూపర్‌హెటరోడైన్. పేరు భయపెడుతుంది కానీ విషయం సింపుల్. ఏ ఊరి నుంచి వచ్చే బస్సైనా ఒకే బస్టాండ్‌కి మళ్లించినట్టు, ఏ స్టేషన్ సిగ్నల్ వచ్చినా ముందు దాన్ని ఒకే ఫ్రీక్వెన్సీకి మార్చేస్తారు. అక్కడ దాన్ని ఎంత కావాలంటే అంత పెంచొచ్చు. పాత రేడియో విప్పి చూసిన వాళ్లకి లోపల ఐఎఫ్ కాయిల్స్ డబ్బాలు గుర్తుండే ఉంటాయి. మెకానిక్ చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పేది వాటినే. 455 కిలోహెర్ట్జ్ అనే నంబర్ రేడియో రిపేర్ చేసేవాళ్లకి నోటికొచ్చేది ఈ సర్క్యూట్ పుణ్యానే.

1922లో ఇంకో సర్క్యూట్‌ని ఆర్‌సీఏకి అమ్మితే 2 లక్షల డాలర్లు, 60 వేల షేర్లు వచ్చాయి. కోటీశ్వరుడైపోయారు. 1923లో న్యూయార్క్‌లో ఆర్‌సీఏ టవర్ ఎక్కి తలకిందులుగా నిలబడి ఫొటోలు దిగితే సార్నాఫ్‌కి మండిపోయింది. అదే ఏడాది సార్నాఫ్ సెక్రటరీ మారియన్‌ని పెళ్లి చేసుకున్నారు. పెళ్లి కానుకగా ఏమిచ్చారో ఊహించండి.. సొంతంగా తయారుచేసిన పోర్టబుల్ రేడియో! హనీమూన్‌కి కూడా దాన్ని మోసుకెళ్లారు.

ఇక కేసుల సంగతి

రీజనరేటివ్ సర్క్యూట్ తనదేనని డి ఫారెస్ట్ కోర్టుకెళ్లారు. 1912 ఆగస్టులోనే తన నోట్‌బుక్‌లో ఆ ఎఫెక్ట్ రాసి ఉందన్నది ఆయన వాదన. మొదట్లో ఆర్మ్‌స్ట్రాంగే గెలిచారు. అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఓడిన డి ఫారెస్ట్ కట్టాల్సిన కోర్టు ఖర్చులు వదిలేయడానికి ఒప్పుకోలేదు. పైగా తన పేటెంట్ నంబర్ రాసిన జెండాని, డి ఫారెస్ట్ ఇంటికి కనిపించేలా తన ఏరియల్ స్తంభానికి కట్టారని చెబుతారు. నిజం చెప్పాలంటే ఆ మొండితనమే కొంప ముంచింది. కేసు ఇంకో దారిలో సాగి సాగి, 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్‌కే ఓటేసింది.

తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఫిలడెల్ఫియాలో రేడియో ఇంజినీర్ల సదస్సు జరిగింది. అదే ఆవిష్కరణకి తనకిచ్చిన మెడల్‌ని తిరిగిచ్చేయడానికి ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడికి వెళ్లారు. ఇంజినీర్ల సంస్థ తీసుకోలేదు. మెడల్ మీదే అని మళ్లీ ప్రకటించింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ సర్క్యూట్‌ని అర్థం చేసుకున్నదెవరు అనే ప్రశ్నకి జడ్జిలు ఒక జవాబు చెప్పారు, చేత్తో వైర్లు కలిపేవాళ్లు ఇంకో జవాబు చెప్పారు.

అప్పటికే మూడో పని రెడీగా ఉంది. పాత రేడియోల్లో మెరుపు మెరిస్తే గరగర, పక్కన మోటార్ తిరిగితే గరగర. ఎందుకంటే ఏఎం పద్ధతిలో తరంగం ఎత్తు మారుతూ శబ్దాన్ని మోసుకొస్తుంది. మెరుపు కూడా ఆ ఎత్తునే చెడగొడుతుంది. మరి ఎత్తుని అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీని మారిస్తే? దీనివల్ల లాభం లేదని 1922లోనే జాన్ కార్సన్ అనే ఇంజినీర్ లెక్కలు వేసి తేల్చేశారు. ఆ లెక్కలు తప్పు కాదు. కాకపోతే అవి సన్నటి బ్యాండ్‌కి వేసినవి. ఆర్మ్‌స్ట్రాంగ్ బ్యాండ్‌ని బాగా వెడల్పు చేసి చూశారు, గరగర మాయమైంది. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి.

సార్నాఫ్ కోరింది గరగరని తగ్గించే చిన్న పరికరం. మిత్రుడు చేతిలో పెట్టింది ఉన్న రేడియో వ్యాపారాన్నంతా మార్చేసే కొత్త వ్యవస్థ. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైనుంచి కొన్నాళ్లు పరీక్షలు చేసుకోనిచ్చారు, 1935లో సామాన్లు తీసేయమన్నారు. ఆర్‌సీఏ దృష్టి అప్పటికే టీవీ మీదికి మళ్లింది.

అదే ఏడాది నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజినీర్ల ముందు డెమో ఇచ్చారు ఆర్మ్‌స్ట్రాంగ్. దానికి సిగ్నల్ వచ్చింది పెద్ద కంపెనీ నుంచి కాదు.. యాంకర్స్‌లో ఉండే ఆయన దోస్త్, హామ్ రేడియో పిచ్చి ఉన్న రన్యన్ ఇంట్లోని స్టేషన్ నుంచి! గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు పక్కనే జరుగుతున్నట్టు వినిపించాయి. అప్పటిదాకా రేడియోలో నీళ్ల చప్పుడు నీళ్లలా వినిపించడం ఎవరూ ఎరగరు.

తర్వాత సొంత షేర్లు అమ్మి 3 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో కొండ మీద ఎఫ్‌ఎం టవర్ కట్టారు. 1940లో ఆర్‌సీఏ ఒకేసారి 10 లక్షల డాలర్లు ఇస్తామంది. మిగతా కంపెనీల్లాగే సెట్టుకి ఇంత అని రాయల్టీ కట్టండి, మీకొక రూల్ వాళ్లకొక రూల్ ఏంటి అని కాదన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం అమెరికా సైన్యానికి ఆ పేటెంట్లు ఫ్రీగా వాడుకోనిచ్చారు.

1945లో అమెరికా ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌ఎం బ్యాండ్‌ని 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌కి మార్చేసింది. జనం కొనుక్కున్న లక్షల సెట్లు ఒక్క దెబ్బకి పనికిరాకుండా పోయాయి. (మన ఎఫ్‌ఎం స్టేషన్ల నంబర్లు ఈ రేంజ్‌లోనే ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందా? ఇండియాలో 1977లో మద్రాస్‌లో మొదలైన ఆకాశవాణి ఎఫ్‌ఎం కూడా ఈ ఏరియాలోదే.)

1948లో ఆర్‌సీఏ మీద కేసు వేశారు. అవతలి లాయర్లు సాగదీస్తూనే ఉన్నారు. 1950 ఆఖరుకి అసలు పేటెంట్ల గడువే ముగిసిపోయింది. ఎఫ్‌ఎంని అభివృద్ధి చేసింది అందరికన్నా తమ కంపెనీయేనని సార్నాఫ్ వాంగ్మూలం ఇచ్చిన రోజు, ఆ ముక్క వింటూ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎదురుగానే కూర్చున్నారు. డబ్బు కరిగిపోయింది. 1953 చివర్లో ఇంట్లో పెద్ద గొడవై, మారియన్ తన సోదరి దగ్గరికి వెళ్లిపోయారు. కొన్ని వారాలకి, భార్యకి క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసిపెట్టి, ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రాణం తీసుకున్నారు. 63 ఏళ్లు. తేదీ 1954 జనవరి 31. అటక మీది సర్క్యూట్ బొమ్మకి నోటరీ ముద్ర పడి సరిగ్గా 41 ఏళ్లు.

ఆ డిసెంబర్‌లోనే ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లకి కాస్త పైనే ఇచ్చి మారియన్‌తో సెటిల్ చేసుకుంది. ఆమె అక్కడితో ఆగలేదు. మిగతా కంపెనీల మీద కేసులు ఒక్కొక్కటిగా నడిపారు, గెలిచారు. ఆఖరిది మోటరోలా మీద కేసు. అది తేలేసరికి 1967 వచ్చింది.

యాంకర్స్ ఇల్లు అగ్నిప్రమాదంలో దెబ్బతిని, 1980ల్లో కూల్చేశారు. ఆల్పైన్ టవర్ మాత్రం ఇంకా ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీది యాంటెన్నాలు పోయినప్పుడు, న్యూయార్క్ టీవీ స్టేషన్లు కొన్ని మళ్లీ ప్రసారాలు మొదలెట్టింది ఆ టవర్ మీద నుంచే.